అరా మూడోవంతూ కలిస్తే ఐదింట రెండు ఎందుకు కాదు?

ప్రశ్న: మాది నరసరావుపేట. ఇంట్లోనే జాకెట్లు, చుడీదార్లు కుడుతుంటాను. మా పాప ఐదో తరగతి, ఇంగ్లీషు మీడియం. నిరుటి దాకా లెక్కల్లో బాగానే ఉండేది. ఫ్రాక్షన్స్ మొదలయ్యాక అంతా తారుమారైంది. మొన్న యూనిట్ టెస్టులో 25కి 9 వచ్చాయి. 1/4 పెద్దదా 1/8 పెద్దదా అంటే 1/8 అంటుంది. 1/2 + 1/3 ఎంత అంటే 2/5 అని రాసింది. వాళ్ళ నాన్న రోజూ సాయంత్రం కూర్చోబెట్టి చెబుతారు, పది నిమిషాలకే అరుపులు, అది ఏడుపు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. భిన్నాలంటే అప్పుడే నాకు భయం. ఇప్పుడు న్యూమరేటర్, డినామినేటర్ అంటే ఇంకా టెన్షన్. పక్కింటావిడ అబాకస్‌లో చేర్పించమంటోంది. ట్యూషన్ పెట్టించాలా? లెక్కలు రాని నేను నేర్పగలనా?
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

"లెక్కలు రాని నేను" అని రాశారు. చెస్ట్ 34 ఉన్నవాళ్ళకి జాకెట్టు కట్ చేసేటప్పుడు నాలుగో వంతు ఎంత దగ్గర పెడతారు? ఎనిమిదిన్నర. 35 అయితే? ఎనిమిదీ ముప్పావు. ఆ పైన లూజుకీ కుట్టుకీ ఎంత వదలాలో మీ చేతికి తెలుసు. 35ని 4తో భాగించి 8¾ అని మీరు కాగితం మీద వేసుకోరు, టేపు చూడగానే అనేస్తారు. మీ పాపను ఏడిపిస్తున్న పాఠం అదే. కాబట్టి ట్యూషన్ సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఆ 2/5 గురించి. అది తప్పే, కానీ గాలివాటున వచ్చిన తప్పు కాదు. నాలుగేళ్ళుగా మనం నేర్పిందే ఆ పిల్ల చేసింది. అంకెలు కనిపిస్తే కూడు, పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో. ఇంకో సంగతి ఉంది. గీత పైన ఒక అంకె, కింద ఒక అంకె పిల్లలు ఎక్కువగా చూసేది ఎక్కడనుకున్నారు? లెక్కల పుస్తకంలో కాదు, మార్కుల దగ్గర. ఎర్ర ఇంకుతో 9/25 అని ఉంటుంది. ఇంకో టెస్టులో 16/25 వస్తే, రెండూ కలిపి ఎంత? 25/50. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడాం. అక్కడ అది నూటికి నూరుపాళ్ళు కరెక్టు! రెండు మార్కుల ప్రశ్నలో ఒకటి, మూడు మార్కుల ప్రశ్నలో ఒకటి వస్తే ఐదుకి రెండు వచ్చినట్టే. మీ పాప పెన్సిలు సరిగ్గా ఆ దారినే వెళ్ళింది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పిన నాకు ఈ సంగతి తట్టడానికి చాలా కాలం పట్టింది. అంతకుముందు నేనూ ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసేవాణ్ణి, అంతే.

మరి మార్కులకీ భిన్నానికీ తేడా ఎక్కడుంది? మార్కులు కలిపినప్పుడు పరీక్షలు కూడా కలుస్తాయి. 25 మార్కుల పరీక్షలు రెండు చేరి 50 మార్కుల పరీక్ష అవుతుంది. అర దోసె, దానికి తోడు మూడోవంతు దోసె తింటే మాత్రం దోసె అంటే ఎంతో ఆ లెక్క మారదు. మనం కొలిచేది ఒక్క దోసెతోనే. అందుకే భిన్నం చూడగానే అడగాల్సిన మొదటి మాట "దేనిలో?" అని. అరెకరంలో అర వేరు, అర సెంటులో అర వేరు. మీ పాపకు ఒక్క ప్రశ్న అలవాటు చేయగలిగితే ఇదే చేయండి.

ఇప్పుడు ఆ 2/5 ఎందుకు కుదరదో తనే కనిపెట్టేలా చూడండి. "అర దోసె తిన్నావు. ఇంకో మూడోవంతు వేశాను. ఇప్పుడు నువ్వు తిన్నది సగం కన్నా ఎక్కువా, తక్కువా?" ఎక్కువే అంటుంది, ఎవరైనా అదే అంటారు. "సరే, దోసెను ఐదు ముక్కలు చేసి రెండు తింటే సగం కన్నా ఎక్కువా, తక్కువా?" ఐదులో సగం రెండున్నర కదా, రెండంటే తక్కువే. "మరి సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తక్కువ ఎట్లా అయింది?" ఇక్కడ మీరు ఆగిపోవాలి. సరైన జవాబు చెప్పకండి. పిల్ల నుదురు ముడిపడుతుంది చూడండి, అది ఏడుపు ముఖం కాదు, ఆలోచన. ఆ రోజుకి అది చాలు.

ఇక 1/8 పెద్దది అనడం. దీనికీ కారణం అదే, 8 పెద్ద అంకె కాబట్టి. ఇది చిన్నప్పటి నుంచి ఎముకల్లోకి పోయిన అలవాటు. ఒక పుచ్చకాయ కోసి నలుగురికి పంచితే నీ వంతు ఎక్కువ వస్తుందా, ఎనిమిది మందికి పంచితేనా అంటే ఏ పిల్లా తప్పు చెప్పదు. పంచుకునేవాళ్ళు పెరిగితే వంతు చిక్కిపోతుంది. చుట్టాలొచ్చిన రోజు కూర గిన్నె చూసిన పిల్లలకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఇబ్బందల్లా 1/8 అనే రాత చూసినప్పుడు ఆ గిన్నె గుర్తు రాకపోవడం దగ్గరే.

అలా గుర్తు రాకపోవడానికి మనం చదివే పద్ధతి కూడా కొంత కారణం. 3/4ని బడిలో "త్రీ బై ఫోర్" అంటారు. ఆ "బై" ఏమీ చెప్పదు. రెండు అంకెలు, మధ్యలో ఒక గీత, అంతే. తెలుగులో ఏమంటాం? "నాలుగింట మూడు వంతులు." ముందు నాలుగు వంతులు చేశాం, అందులో మూడు తీసుకున్నాం. కథంతా ఆ మాటలోనే ఉంది. కింది అంకె ముందు వస్తుంది, ఎందుకంటే ముక్కలు చెయ్యకుండా ముక్కలు తీసుకోలేం కదా. "ఐదింట రెండు", "మూడింట ఒకటి", "ఎనిమిదింట ఐదు" అని ఒక వారం పాటు పాప చేత చదివించండి. పరీక్షలో త్రీ బై ఫోర్ అనే రాసుకుంటుంది, ఫరవాలేదు. మనసులో మాత్రం నాలుగింట మూడు అనుకోవాలి. ఇంగ్లీషు మీడియం పిల్లకు తెలుగులో చెబితే పాడవుతుందేమో అని భయపడకండి. అర్థం తెలుగులో ఎక్కనివ్వండి, పేరు ఇంగ్లీషులో అతికించుకుంటుంది.

మాటల సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. భిన్నం అంటే విరిగినది. పైన ఉండే న్యూమరేటర్‌ని మనం లవం అంటాం. లవం అంటే కోసిన చిన్న ముక్క. "లవలేశమైనా లేదు" అంటాం చూడండి, అదే లవం. కింద ఉండే డినామినేటర్ హారం, అంటే భాగించేది. మా పిల్లలు "హారం మెడ కింద వేలాడుతుంది సార్, అందుకే కింద ఉంటుంది" అని గుర్తుపెట్టుకునేవాళ్ళు. దాని అర్థం అది కాదని నేను చెప్పినా వినలేదు. వాళ్ళదే గుర్తుంటుందని నేనే ఊరుకున్నాను.

హారాన్ని ఒక పేరులా చూడమని చెప్పండి. మూడు మామిడికాయలు, రెండు మామిడికాయలు కలిపితే ఐదు మామిడికాయలు. "మామిడికాయలు" అన్న మాటను కూడలేదు కదా? అట్లాగే మూడు ఎనిమిదో వంతులు, రెండు ఎనిమిదో వంతులు కలిస్తే ఐదు ఎనిమిదో వంతులు. 3/8 + 2/8 = 5/8. కింద 16 రాయడం అంటే మామిడికాయలకు మామిడికాయలు కూడినట్టు. తెలుగు పుస్తకాల్లో హారం ఒకటే అయినవాటిని సజాతి భిన్నాలు అంటారు, వేరైతే విజాతి భిన్నాలు. లైక్, అన్‌లైక్ అన్న ఇంగ్లీషు మాటలకన్నా ఇవే నాకు నచ్చుతాయి. ఒకే జాతివి కాబట్టి కలుస్తాయి. వేరు జాతివైతే ముందు ఒక జాతికి తేవాలి. అరనీ మూడోవంతునీ ఒక జాతికి తేవడమే మీ పాపకు ఇప్పుడున్న అసలు పని.

దానికి మీ కుట్టుమిషను పక్కనే సరంజామా అంతా ఉంది. కటింగ్ నేర్చుకునేటప్పుడు వాడే బ్రౌన్ పేపరు తీసి, సరిగ్గా 12 ఇంచుల పొడవు, ఒక ఇంచి వెడల్పు పట్టీలు ఓ ఏడెనిమిది కోయండి. గుడ్డ పీలికలు వద్దు, సాగుతాయి. ఒక పట్టీని కోయకుండా ఉంచి దాని మీద "ఒకటి" అని రాయమనండి. 12 అని కాదు, ఒకటి అనే రాయాలి. రెండోదాన్ని రెండు సమాన ముక్కలు చేయాలి, ఎంత దగ్గర కోయాలో టేపు పెట్టి తనే చెప్పాలి, 6 ఇంచులు. ఇంకోదాన్ని మూడు ముక్కలు, 4 ఇంచులు. నాలుగైతే 3. ఆరైతే 2. ఎనిమిది ముక్కలు చేయమంటే కాస్త ఆలోచించి ఒకటిన్నర ఇంచి అంటుంది, లేదా నాలుగో వంతు ముక్కనే మధ్యకి మడుస్తుంది. రెండూ మంచివే. ప్రతి ముక్క మీదా 1/2, 1/3, 1/4 అని రాయించండి. ఆ రోజు లెక్కలేమీ వద్దు. ముక్కల్ని పక్కపక్కన పెట్టి ఆడుకోనివ్వండి. 1/8 ముక్క ఒకటిన్నర ఇంచి, 1/4 ముక్క మూడు ఇంచులు, రెండూ పక్కపక్కన ఉంటే ఏది పెద్దదని ఇక ఎవరూ అడగక్కర్లేదు.

మర్నాడు "ఒకటి" పట్టీ కింద పరిచి, దాని మీద అర ముక్కా, దాని పక్కనే మూడోవంతు ముక్కా పెట్టమనండి. చివర కొంచెం ఖాళీ మిగులుతుంది. "ఆ ఖాళీలో ఏ ముక్క సరిగ్గా పడుతుంది?" వెతుకుతుంది. ఎనిమిదో వంతు పెడితే ఇంకా సందు ఉంటుంది, నాలుగో వంతు పెడితే బయటికి వస్తుంది. ఆరో వంతు అచ్చంగా పడుతుంది. అంటే అరా మూడోవంతూ కలిపితే, మొత్తానికి ఆరో వంతు తక్కువ. ఆరింట ఐదు. 5/6. గుణించలేదు, సూత్రం వాడలేదు, జవాబు బల్ల మీద ఉంది. ఆ తర్వాత అర ముక్క మీద ఆరో వంతు ముక్కలు పేర్చమంటే మూడు పడతాయి, మూడోవంతు మీద రెండు. మూడూ రెండూ ఐదు, అన్నీ ఆరో వంతులే, ఒకే జాతి. ఇప్పుడు నోటుబుక్కులో 3/6 + 2/6 = 5/6 అని రాయించండి. కూడిక మొత్తం అదే.

12 ఇంచులే ఎందుకన్నానో కూడా ఒకరోజు అడగాలి. పాపను 1/2కి 1/5 కలపమనండి. 12 ఇంచుల పట్టీని ఐదు సమాన ముక్కలు చేయబోతే రెండూ ఇంకా ఎంతో కొంత వస్తుంది, టేపు మీద ఏ గీతకీ సరిగ్గా దొరకదు. "అయితే ఎన్ని ఇంచుల పట్టీ తీసుకుంటే రెండు ముక్కలూ ఐదు ముక్కలూ కూడా చక్కగా వస్తాయి?" పది అంటుంది. కొందరు ఇరవై అంటారు, అదీ సరైనదే, కాకపోతే కాగితం ఎక్కువ ఖర్చవుతుంది. పది ఇంచుల పట్టీలో సగం 5, ఐదో వంతు 2, మొత్తం 7. 7/10. అన్నిటికీ చక్కగా తెగే అతి చిన్న పట్టీ వెతకడమే బడిలో చెప్పే క.సా.గు., అంటే కనిష్ఠ సామాన్య గుణిజం, ఇంగ్లీషులో ఎల్.సి.ఎం. పేరు చూసి భయపడకండి, గుడ్డ వృథా కాకుండా కట్ చేసే మీకు ఆ ఆలోచన కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు ఇదే పనికి నిరుద్ధం అని పేరు పెట్టి తన గణితసార సంగ్రహంలో చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్కల పుస్తకం అక్కడే మొదలైందంటారు. ఇది పాపకు చెప్పినా చెప్పకపోయినా ఫరవాలేదు, నాకు చెప్పాలనిపించింది.

మీ మెడలో హాల్‌మార్క్ గొలుసు ఉంటే దాని మీద 22కె 916 అని చిన్నగా ఉంటుంది. అది కూడా భిన్నమే. మేలిమి బంగారం 24 క్యారెట్లు, అందులో 22 అంటే 22/24. పైనా కిందా సగం చేస్తే 11/12. మన 12 ఇంచుల పట్టీలో 11 ఇంచులు బంగారం, ఒక ఇంచి వేరే లోహం అన్నమాట. 11ని 12తో భాగించి దశాంశాల్లో రాస్తే 0.916 అని వస్తుంది, 6లు ఆగకుండా పోతూనే ఉంటాయి. పాప పై తరగతికి వెళ్ళాక ఆ భాగహారం చేయించండి, గొలుసు చేతిలో పెట్టి మరీ.

ఒకే భిన్నానికి చాలా పేర్లు ఉండటం కూడా పిల్లలకు విచిత్రంగా ఉంటుంది. 1/2, 2/4, 3/6 అన్నీ ఒకటే అంటే నమ్మబుద్ధి కాదు, అంకెలు వేరుగా కనిపిస్తున్నాయి కదా. దీనికి పొలం లెక్క బాగుంటుంది. మీ పల్నాడులో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణ వైపు 40 గుంటలు. అక్కడ 20 గుంటలు కొన్నవాళ్ళూ ఇక్కడ 50 సెంట్లు కొన్నవాళ్ళూ కొన్నది అరెకరమే. 20/40, 50/100, 1/2. నేల మారలేదు, ముక్కల లెక్క మారింది. మీ ఇంట్లో పొలం మాటలు నడుస్తుంటే మీ ఆయనకు ఈ పాఠం అప్పగించండి. బహుశా అరవకుండా చెబుతారు.

ఆ మాటకొస్తే మన చిన్నప్పుడు ఎవరూ పనిగట్టుకుని పావు, అర నేర్పలేదు. చేతిలో పావలా ఉండేది. నాలుగు పావలాలు రూపాయి, రెండు పావలాలు అర్ధరూపాయి, మూడు పావలాలు ముప్పావలా. జేబులో భిన్నాలు వేసుకుని తిరిగాం. 2011 జూన్ 30 తర్వాత పావలా చెల్లకుండా పోయింది. మీ పాప దాన్ని చూసి ఉండదు. అంతకుముందు తరానికి ఇంకా సుఖం. రూపాయికి 16 అణాలు, పావలా అంటే 4 అణాలు, బేడ అంటే 2. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా అదే లెక్క. "పదహారణాల తెలుగు" అంటే ఏమిటో పాపను అడగండి, తెలియకపోతే చెప్పండి: పదహారింట పదహారు, అంటే పూర్తిగా, ఒకటి. "వీసమెత్తు అనుమానం లేదు" అన్నప్పుడు వీసం అంటే పదహారో వంతు. మీ అత్తగారో అమ్మగారో ఉంటే గిద్ద, సోల, తవ్వ, మానిక కొలతలు చెప్పించండి. మా వైపు నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మానికలో గిద్ద ఎన్నో వంతు? అదీ పదహారో వంతే. మూల పడేసిన సోల ఇంట్లో ఉంటే బియ్యం పోసి కొలిపించండి, అరగంట ఇట్టే గడిచిపోతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట పరీక్షలో "7/4ని మిశ్రమ భిన్నంగా రాయండి" అని ఇచ్చాను. కూరగాయల కొట్టువాళ్ళ అబ్బాయి ఒకడు "పావు తక్కువ రెండు" అని రాశాడు. నేను సున్నా వేశాను. పుస్తకంలో జవాబు 1¾, వాడు రాసింది 2 లోంచి 1/4 తీసేయడం. రెండూ ఒకటే. పైగా వాడిదే మెరుగు, రెండుకి ఎంత దగ్గరో చెబుతోంది. తూకం వేసే ఇంట్లో పుట్టినవాడికి ఆ అంకె ఎక్కడుందో తెలుసు, నాకే తెలియలేదు. వాడు ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మీ పాపకూ ఈ ఘట్టం వస్తుంది. లవం హారం కన్నా పెద్దదైతే అపక్రమ భిన్నం, ఇంప్రాపర్ ఫ్రాక్షన్. పుస్తకంలో ఎప్పుడూ ఒక రొట్టె బొమ్మ వేసి నాలుగు ముక్కల్లో మూడింటికి రంగు వేయమంటారు. అవి వేసీ వేసీ ఉన్న పిల్ల 9/4 చూస్తే "నాలుగు ముక్కల్లో తొమ్మిది ఎట్లా తీస్తాం?" అంటుంది. న్యాయమైన ప్రశ్న. రొట్టె బొమ్మలతో వచ్చే చిక్కే అది, భిన్నం అంటే రంగు వేసిన బొమ్మ అనుకుంటారు గానీ అది కూడా ఒక సంఖ్య అని తోచదు. అప్పుడు టేపు చాపండి. సున్నా దగ్గర నుంచి పావు ఇంచి, పావు ఇంచి చొప్పున వేలితో తొమ్మిది అడుగులు వేయమనండి. రెండు దాటి ఇంకో పావు దగ్గర ఆగుతుంది. రెండుంబావు. 9/4 ఉండే చోటు అది. 2కీ 3కీ మధ్య ఖాళీ లేదనీ, అక్కడ లెక్కలేనన్ని సంఖ్యలు కూర్చుని ఉన్నాయనీ టేపు చూపించినంత బాగా ఏ బొమ్మా చూపించదు. మన భాషలో ఈ మిశ్రమ భిన్నాలు ఎప్పుడూ నలుగుతూనే ఉంటాయి. ఏడుంబావుకి బస్సు, గంటన్నర ప్రయాణం, కేజింబావు చికెను, రెండున్నర మీటర్లు గుడ్డ. రోజుకు ఇట్లాంటివి ఎన్ని వినిపిస్తాయో లెక్కపెట్టమనండి.

"సమానంగా" అన్న మాట మాత్రం వదలకండి. నేను ఒకసారి క్లాసులోకి చెరకుగడ పట్టుకెళ్ళి కొలిచి సరిగ్గా మధ్యకి విరిచాను. ఇద్దరు పిల్లల్ని పిలిచి ఎవరికి ఏ సగం కావాలన్నాను. ఇద్దరూ మొదలు వైపు ముక్క మీదే చెయ్యి వేశారు. "రెండూ సమానమే కదరా" అంటే, "సమానమే గానీ మాస్టారూ, కొస చప్పగా ఉంటుంది" అన్నాడొకడు. పొడవులో సమానం, తీపిలో కాదు. ఆ రోజు పాఠం నేను చెప్పలేదు, వాళ్ళే చెప్పారు. మీ పాప పుస్తకంలో అడ్డదిడ్డంగా నాలుగు ముక్కలు గీసి ఒకదానికి రంగు వేసి "ఇది 1/4 అవునా?" అనే ప్రశ్న ఉంటుంది. చెరకుగడ తెలిసిన పిల్ల అక్కడ తప్పు పోదు.

హెచ్చవేతలూ భాగహారాలూ ఇప్పుడే తలకెత్తుకోకండి. వచ్చినప్పుడు రెండు మాటలు చాలు. "లో" అంటే హెచ్చవేత. అరలో అర పావు, మూడోవంతులో సగం ఆరో వంతు. హెచ్చవేస్తే పెరగాలి కదా, తగ్గిందేమిటి అని అడుగుతుంది, పట్టీ మడిచి చూపించండి. భాగహారం అంటే ఎన్నిసార్లు వస్తుంది అని. ఆరు మీటర్ల లైనింగ్ గుడ్డ ఉంది, ఒక్కో జాకెట్టుకు ముప్పావు మీటరు అనుకుంటే ఎన్నిటికి వస్తుంది? ఎనిమిది. 6ని 3/4తో భాగిస్తే 8 అని పుస్తకంలో చూసి బిత్తరపోయే పిల్లలు మీ కుట్టు బల్ల దగ్గర బిత్తరపోరు.

అడ్డగీతలు గీసి గుణించే చిట్కాలు కొన్ని బడిలోనో వీడియోల్లోనో చూపిస్తారు. అవి తప్పు కాదు, పని చేస్తాయి. అయితే ఎందుకు పని చేస్తాయో తెలియకుండా పట్టుకున్న పిల్లలు కూడికకీ అదే, పోలికకీ అదే, హెచ్చవేతకీ అదే వాడి కలగాపులగం చేస్తారు. పట్టీలతో 5/6 వచ్చిన తర్వాత ఏ చిట్కా నేర్చుకున్నా నష్టం లేదు, ముందు మాత్రం వద్దు.

అబాకస్ గురించి అడిగారు. పూసలతో పూర్ణసంఖ్యల కూడికలు, తీసివేతలు వేగంగా చేయడం అక్కడ నేర్పుతారు. మీ పాపకు వేగం తక్కువ కాలేదు. ఎనిమిదో వంతు అంటే ఏమిటో తెలియకపోవడం సమస్య, దానికి పూసలు సాయం చెయ్యవు. సరదాకి పంపితే పంపండి, ఈ జబ్బుకి మందుగా మాత్రం కాదు. ట్యూషన్ కూడా ఒక నెల ఆగండి. ఇవే లెక్కలు ఇంకో ఇరవై చేయించి ఇంటికి పంపే చోట చేరిస్తే భయం ఇంకొంచెం ముదురుతుంది. ఈలోగా ప్రభుత్వ బడుల ఐదో తరగతి లెక్కల పుస్తకం సంపాదించండి. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటుంది. మీరు తెలుగు పేజీ చదవండి, పాప ఇంగ్లీషు పేజీ చదువుతుంది. న్యూమరేటర్ ఏదో, లవం ఏదో రెండు రోజుల్లో మీ ఇద్దరికీ కలిసిపోతుంది.

రోజుకు పావుగంట చాలు. పిల్ల "ఇంకొకటి" అంటున్నప్పుడే ఆపేయండి, విసుగొచ్చేదాకా లాగకండి. మీ ఆయన గురించి చిన్న మాట, కోపం తెచ్చుకోకూడదు. ఆయన రోజూ కూర్చోబెడుతున్నారంటే పిల్ల మీద శ్రద్ధ ఉన్నట్టే. కానీ అరుపు వినపడగానే పిల్ల లెక్క చూడటం మానేసి ఆయన ముఖం చూస్తుంది, ఏ జవాబు చెబితే కోపం తగ్గుతుందా అని. అలా చెప్పే జవాబులో ఆలోచన ఉండదు. కొన్నాళ్ళు ఆయన్ని లెక్కల నుంచి తప్పించి సాయంత్రం వాకింగ్‌కి పంపండి. మీరు కూడా పాప ఎదుట "నాకూ భిన్నాలు రావు" అనకండి. అది ఓదార్పు అనుకుంటాం గానీ, అమ్మకే రానిది నాకెందుకు వస్తుందిలే అని పిల్లకు ఒక సాకు దొరుకుతుంది. పైగా అది నిజం కూడా కాదు.

ఒక పది రోజులయ్యాక, ఏదైనా జాకెట్టు కట్ చేస్తూ పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. టేపు మీద ఎనిమిదీ పావు దగ్గర వేలు పెట్టి, "నేను నాలుగో వంతు ఇక్కడ పెట్టాను, మరి ఈవిడ చెస్ట్ కొలత ఎంత?" అని అడగండి. ఎనిమిదింబావు నాలుగుసార్లు. ముప్పై రెండు, ఆ పైన నాలుగు పావులు. జవాబు తనే చెప్పేదాకా సుద్ద కింద పెట్టకండి, కత్తెర తీయకండి. ఏం చెప్పిందో, ఎట్లా చెప్పిందో నాకు రాయండి.